వెనక సీటుకూ ఒక కంబళి

"వెనకాల కూచునేది ఆడోళ్ళే కదక్కా, దానికెందుకు అంత ఖర్చు?"

ఆదోనిలో బండి సీట్లకు కవర్లు కుట్టే కుర్రాడు నాతో అన్న మాట ఇది. పాపం, వాడిలో చెడ్డ ఉద్దేశమేమీ లేదు. నా డబ్బులు మిగలాలనే అన్నాడు. పక్కనే ఉన్న మా ఆయన నవ్వారు. నాకు మాత్రం ఆ మాట రెండు రోజులు చెవిలోనే ఉండిపోయింది. అందుకే ఈ రాత.

సంగతి మొదటి నుంచి చెప్తాను. మాది ఆదోని. నా పుట్టిల్లు ఎమ్మిగనూరు దాటాక ఒక పల్లె. ఎమ్మిగనూరుకు సుమారు 30 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఊళ్ళోకి ఇంకో 10. పోయినేడాది అమ్మ జారిపడి కాలు విరిగి మంచాన పడింది. ప్రతి ఆదివారం మేమిద్దరం బండి మీద వెళ్ళి సాయంత్రానికి తిరిగి వచ్చేవాళ్ళం. రెండు నెలలు గడిచేసరికి నాకు వెన్నెముక చివర, సరిగ్గా కూర్చునే చోట, నొప్పి పట్టుకుంది. వంటింట్లో పీట మీద కూర్చుంటే ప్రాణం పోయేది. డాక్టరమ్మ చూసి, ఎముక బాగానే ఉంది, గట్టి సీటు మీద గంటల తరబడి కూర్చోవద్దు, కూర్చుంటే మెత్తటిది ఏదైనా వేసుకో అంది.

తర్వాత నేను చేసిన పని రాయాలంటే సిగ్గుగా ఉంది. అమ్మకు ఫోన్ చేసి "ఈ వారం ఇంటికి చుట్టాలొస్తున్నారమ్మా" అన్నాను. పై వారం మరో సాకు. మూడో వారం అమ్మే ఫోన్ చేసి, "ఈ ఆదివారం కూడా రావా పాపా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. మంచాన పడ్డ తల్లికి నేను అబద్ధాలు చెప్తున్నది దేనికి? అరచేయంత రెగ్జిన్ సీటుకు భయపడి!

ఇప్పుడు మా బండి గురించి చెప్పనివ్వండి. ముందు క్రాష్ గార్డు ఉంది. ఫాగ్ లైట్లున్నాయి. ఫోన్ పెట్టుకునే స్టాండు ఉంది. మా ఆయనకు నడుము లాగుతోందని ముందు సీటుకు జెల్ కుషన్ కూడా వచ్చింది. ఇవన్నీ అవసరాలు. వెనక సీటుకు మెత్తటి కవరు కావాలని నేనడిగితే అది సోకు అయింది. "కొంచెం అడ్జస్ట్ అవ్వరాదా, ఎంతసేపూ, గంట ప్రయాణమే కదా" అన్నారు.

ఆ గంట ఎలా గడుస్తుందో నడిపేవాళ్ళకు తెలియదు. వాళ్ళు రెండు కాళ్ళూ అటూ ఇటూ వేసి, హ్యాండిల్ పట్టుకుని, ఎదురుగా వచ్చే గుంతను చూసి ముందే ఒళ్ళు బిగబట్టుకుంటారు. మనకు గుంత కనబడదు, తగిలాకే తెలుస్తుంది. చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చుంటే బరువంతా ఒక తుంటి మీదే పడుతుంది, నడుము మెలి తిరిగి ఉంటుంది. ఒడిలో సంచి, ఒక చేత్తో కొంగు, ఇంకో చేత్తో కమ్మీ. బ్రేకు వేసినప్పుడల్లా నున్నటి రెగ్జిన్ మీద ముందుకు జారుతాం. భార్యను అర్ధాంగి అంటారని డిగ్రీలో చదువుకున్నాను. బండి మీద మాత్రం నాకొచ్చింది పావు సీటే.

చట్టానికైనా మన మీద కాస్త దయ ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది మన కోసం రాసిందే. వెనక కూర్చునేవాళ్ళకు పట్టుకోవడానికి కమ్మీ, కాళ్ళకు ఆధారం, బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే అడ్డు ఉండి తీరాలి. మనం శారీ గార్డ్ అనేది దాన్నే. బండి అందం పాడవుతుందని దాన్ని ఊడదీసి పక్కన పడేసే మగపిల్లలు మన వీధుల్లో ఎంతమంది లేరు? చట్టం రాసిచ్చినదానికే ఆ గతి పడితే, రాయని మెత్తదనం ఎవరిస్తారు? మనమే అడగాలి.

ఇక గొర్రెబొచ్చు ఎందుకంటారా? దూరాలు నడిపే మోటార్ సైకిల్ వాళ్ళు విదేశాల్లో సీటు మీద బొచ్చుతో ఉన్న గొర్రెతోలు వేసుకోవడం పాత అలవాటే. చాలా విమానాల్లో పైలట్ల సీట్లకూ అదే తొడుగు. మంచం దిగలేని రోగులకు ఒరుపు పుండ్లు పడకుండా ఆసుపత్రుల్లో గొర్రెతోలు పరుస్తారు. ఇందులో మాయ లేదు. ఉన్నిపోగు వంకీలు తిరిగి స్ప్రింగులా ఉంటుంది. బరువును ఒకచోట పడనివ్వకుండా పరుస్తుంది. పోగుల మధ్య గాలి ఆడుతుంది. తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా ఉన్ని తడిగా అనిపించదు. అందుకే ఎండాకాలంలో ఉన్ని ఉడికిస్తుందనే భయం అక్కర్లేదు. ఉడికించేది నల్ల రెగ్జిన్. ఆదోని మార్కెట్ యార్డు బయట మే నెలలో పావుగంట నిలబెట్టిన బండి ఎక్కి చూస్తే తెలుస్తుంది.

అయితే ఒక జాగ్రత్త. ఉన్ని పేరుతో అమ్మే చౌక కవర్లలో చాలావరకు పాలిస్టరు బొచ్చే. ఒక పోగు పీకి అగ్గిపుల్ల చూపించండి. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, నలిపితే బూడిద అవుతుంది. పాలిస్టరు కరిగి గట్టి ఉండ కడుతుంది.

మా అత్తమ్మ అడ్డం పడింది. "మా కాలంలో ఎద్దులబండ్లలో పోలేదా? ఇన్ని సోకులుండెనా?"

"ఆ బండ్లో ఏం పరిచేవాళ్ళత్తా?" అని అడిగాను.

"గడ్డి పరిచి, దాని మీద కంబడి ఏసేవాళ్ళు. బాలింతలుంటే ఇంకో కంబడి."

చెప్పి, తనే ఆగిపోయింది. కాసేపటికి నవ్వి, "అటక మీద మీ మామ కంబడి ఉంది, తీసుకోపో" అంది.

చూశారా, సోకు కాదు, ఆచారమే! ఎద్దులబండి పోయి మోటారు బండి వచ్చేసరికి మగవాళ్ళ కింద జెల్ చేరింది, మన కింద ఉన్న కంబళి ఎగిరిపోయింది. ఋషులు జింకతోలు మీద కూర్చుంటే తపస్సు, నేను గొర్రె కంబళి మీద కూర్చుంటే సోకా?

తోలంటే కొందరికి మనసొప్పదు. మన కంబళికి తోలుతో పని లేదు, కత్తిరించిన ఉన్ని చాలు. మన వైపు కురువలు మేపే దక్కనీ నల్లగొర్రెల ముతక ఉన్నితో నేసిందే అది. ఇప్పుడు ఆ ఉన్నికి ధర లేదు, బొచ్చు లేని మాంసం గొర్రెలే మందల్లో పెరుగుతున్నాయి. కంబళి ఇంట్లో ఉంటే పారేయకండి.

నేను చేసింది ఇంతే. మామగారి కంబళి ముక్కను నాలుగు మడతలు వేసి, గుచ్చుకోకుండా పైన ఎమ్మిగనూరు చేనేత దుప్పటి గుడ్డ వేసి కుట్టించాను. మాచాని సోమప్పగారు 1938లో నేతగాళ్ళ సహకార సంఘం పెట్టిన ఊరు అది, గుడ్డకు కొదవా! సీటు కింద నుంచి గట్టి ఎలాస్టిక్ పట్టీలు వేయించాను. వదులుగా ఉంటే కవరుతోపాటు మనమూ జారుతాం, పట్టుకునే కమ్మీని కూడా కవరు కప్పేయకూడదు. వానొస్తే విప్పి సంచిలో పెట్టుకుంటాను. మొత్తం ఖర్చు మా ఫాగ్ లైట్ల ఖర్చులో సగం కూడా కాలేదు.

ఉచిత బస్సు వచ్చింది కదా అంటారేమో. 2025 ఆగస్టు 15 నుంచి నేనూ ఎక్కుతున్నాను, సంతోషమే. కానీ మా పల్లెకు ఆదివారం సాయంత్రం తిరుగు బస్సు దొరకదు. శ్రావణంలో ఉరుకుందకు, అర్ధరాత్రి ఆసుపత్రికి, మన ఇళ్ళలో దిక్కు ఆ బండే.

మా ఆయనతో వాదించడం కూడా మానేశాను. ఒక ఆదివారం అబ్బాయిని నడపమని, ఆయన్ను కవరు లేని వెనక సీటు మీద కూర్చోబెట్టి ఎమ్మిగనూరు పంపాను. ఒక పక్కకు కాళ్ళేసి కూర్చోమనలేదు, నేనంత కఠినురాలిని కాను. సగం దారిలో టీ కొట్టు దగ్గర ఆగి, బెంచీ ఖాళీగా ఉన్నా నిలబడే టీ తాగారట. అబ్బాయి చెప్పాడు.

నొప్పి పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. కానీ అమ్మకు అబద్ధాలు చెప్పడం మానేశాను. ఆదివారాలు మళ్ళీ వెళ్తున్నాను.

మీ ఇంట్లో కొత్త బండి కొనే మాట వస్తే, మీరూ షోరూముకు వెళ్ళండి. రంగు, మైలేజీ వాళ్ళు చూసుకుంటారు. మీరు చీరతోనే వెనక సీటు మీద ఎక్కి కూర్చోండి, పది నిమిషాలు దిగకండి. బాగాలేకపోతే బాగాలేదని అందరి ముందూ చెప్పండి. ఆ సీటు మనది.