అందుకోవాలంటే... బ్రేకెయ్!

ముందు వెళ్తున్న బస్సును అందుకోవాలంటే యాక్సిలరేటర్ తొక్కుతాం. ‘కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్’ గేమ్‌లో రెండు వ్యోమనౌకల్ని కలపబోయే పిల్లలూ మొదట అదే చేస్తారు. కాసేపు దగ్గరైనట్టే ఉంటుంది. తర్వాత చూస్తే ముందున్న నౌక అందనంత దూరంలో... ఇంధనమేమో ఖాళీ!

వేగం పెంచితే నౌక పై కక్ష్యకు ఎక్కుతుంది మరి. అక్కడ చుట్టు పెద్దది, ఒక్కో చుట్టుకీ ఎక్కువ సమయం పడుతుంది. కాబట్టి బ్రేకు వేసి కిందికి దిగాలి. చిన్న చుట్టు తిరుగుతూ ముందుదాన్ని సమీపించాక మళ్లీ పైకెక్కాలి. ఆఖరి మీటర్లలో నత్తనడకే. లేదంటే ఢీకొట్టి వెనక్కి ఎగిరిపోతుంది.

మీవాడు ఆదివారమంతా దీంతోనే కుస్తీ పడుతుంటే కంప్యూటర్ కట్టేయకండి. 1965లో జెమిని-4 వ్యోమగామి జేమ్స్ మెక్‌డివిట్ కూడా తమ రాకెట్ తాలూకు ఖాళీ భాగాన్ని ఇలాగే నేరుగా తరిమి, ఇంధనం తరిగిపోతుంటే వదిలేశారు. మరుసటి ఏడాది జెమిని-8లో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం తొలి డాకింగ్ సాధించింది.

మన శ్రీహరికోట నుంచి 2024 డిసెంబరు 30న వెళ్లిన స్పేడెక్స్ జంట ఉపగ్రహాలు 2025 జనవరి 16న కలిశాయి. అంతకు నాలుగు రోజుల ముందే 3 మీటర్ల దగ్గరికి వచ్చాయవి... వచ్చి, మళ్లీ వెనక్కి జరిగాయి!