తిన్నావా?

పాప్ ఆర్ట్ అనగానే మనకి గుర్తొచ్చేవి ఆండీ వార్‌హోల్ సూపు డబ్బాలు. "ఇదీ ఒక ఆర్టేనా!" అని నవ్వేసి ముందుకెళ్ళిపోతాం. నేనూ ఆ బాపతే, 2013 చివర్లో న్యూయార్కు విట్నీ మ్యూజియంలో రాబర్ట్ ఇండియానా బొమ్మల ప్రదర్శన చూసేదాకా. (పేరు చూసి మోసపోకండి. ఆయన పుట్టింది ఇండియానా రాష్ట్రంలో, ఆ ఊరి మీద ప్రేమతో ఇంటిపేరు మార్చుకున్నాడు.)

అసలు కథ మా న్యూజెర్సీలోనే ఉంది. రూథర్‌ఫర్డ్‌లో విలియం కార్లోస్ విలియమ్స్ అని ఒక డాక్టరుగారు. పగలు పిల్లలకి మందులివ్వడం, సందు దొరికితే కవిత్వం. ఒకరోజు న్యూయార్కు వీధిలో గంటలు మోగించుకుంటూ దూసుకుపోయే ఫైరింజన్ మీద బంగారు రంగు 5 అంకె చూసి, అక్కడికక్కడే చిన్న కవిత రాసుకున్నాడు. 1921లో అది పుస్తకంలో వచ్చింది. దాన్ని పట్టుకుని ఆయన స్నేహితుడు చార్లెస్ డెముత్ 1928లో బొమ్మ వేశాడు. ఇప్పుడది మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. అందులో ఫైరింజను కోసం వెతక్కండి, దొరకదు. ఒకదానిలోంచి ఒకటి మీదకి దూసుకొచ్చే మూడు అయిదులు, అంతే. చూస్తుంటే గంట చెవిలో మోగుతుంది.

విలియమ్స్ పోయిన 1963లో ఇండియానా ఆ అయిదుని మళ్ళీ అందుకున్నాడు. దానికి ఈట్, హగ్, ఎర్, డై అని మూడేసి ఇంగ్లీషు అక్షరాల మాటలు తగిలించాడు, అచ్చం రోడ్డు పక్క సైన్‌బోర్డుల్లా.

నా గోలల్లా ఏమిటంటే, మన వారపత్రికల్లో కవితకి బొమ్మంటే కవితలో చంద్రుడుంటే పైన చంద్రుడు, అమ్మాయుంటే పక్కన అమ్మాయి. (బాపుగారిని మినహాయించాను, కొట్టకండి.) బొమ్మ కవితకి నౌకరీ చేస్తుంది. వీళ్ళు అలా చెయ్యలేదు. కవి వదిలిన చోట చిత్రకారుడు మొదలుపెట్టాడు.

"ఒక్క మాట రాసి గోడకి తగిలిస్తే కవిత్వమా?" అన్నాడు నాతో వచ్చిన మిత్రుడు. న్యాయమైన ప్రశ్నే. 1964 వరల్డ్స్ ఫెయిర్‌లో, మన ఫ్లషింగ్ గుడికి దగ్గర్లోనే, ఇండియానా బల్బులతో ఈట్ అని పెద్ద బోర్డు పెడితే, జనం హోటలనుకుని ఎగబడ్డారట! దీపాలు ఆర్పేయాల్సి వచ్చింది.

కానీ ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో తెలిశాక నాకు నవ్వు రాలేదు. 1949లో, సైన్యంలో ఉన్న కొడుకు ఇంటికొస్తే, చావుబతుకుల్లో ఉన్న తల్లి ఆఖరుగా అడిగిన మాట, ఏమన్నా తిన్నావా అని.

మా అమ్మ ప్రతి ఆదివారం ఫోనులో అడిగేదీ అదే. జవాబు వినకుండా, "ఏం కూర?" అంటుంది. ఇరవై ఏళ్ళుగా "ఆఁ, తిన్నాలే" అని తప్పించుకుంటున్నాను. విలియమ్స్ వీధిలో అంకెని విన్నాడు. నేను ఇంట్లో మాటని వినలేదు. కవిత్వం పెద్ద మాటల్లో ఉంటుందని మనకెవరు చెప్పారో గానీ, చాలా నష్టం చేశారు.

మరుసటేడు అమ్మ వచ్చినప్పుడు ఫిలడెల్ఫియా తీసుకెళ్ళి, ఇండియానా చేసిన ఆ ఎర్రటి లవ్ అక్షరాల బొమ్మ చూపించాను. ఫోటో కోసం లైన్లో నిలబడి పైకీ కిందకీ చూసింది.

"ఆ 'ఓ' ఒరిగిపోయిందేమిరా, పడిపోదూ?"

ఈ కథంతా చెప్పబోయాను. సంచీలోంచి పులిహోర డబ్బా తీసి చేతిలో పెట్టింది.

"ముందు తిను, తర్వాత చెబుదువుగాని."