చిన్న నావ – సన్నని సూది



ఉత్తరధ్రువ సముద్రమున నావ నడుపుట యన్నంతనే పెద్ద యోడలును, మంచు గడ్డకట్టిన మీసములతో నావికులును మన కన్నులకు గట్టుదురు. ఆ వీరులను గూర్చిన గ్రంథములు పెక్కు గలవు. వారి యొడలిపై నున్న దుస్తుల నెవరు కుట్టిరో చెప్పువారు మాత్రము తక్కువ. ఈ మాసము ఆ రెండు సంగతులను కలిపి మనవి చేసెదను.

కెనడా దేశమున కుత్తరముగా లెక్కకు మిక్కిలి దీవులు గలవు. వాని నడిమి సందులలో దూరి అట్లాంటిక్ సముద్రమునుండి పసిఫిక్ సముద్రమును చేరు దారికి వాయవ్యమార్గ మని పేరు. దానికొరకు ఐరోపా నావికులు మూడువందల యేండ్లకు పైగా వెదకిరి. 1845లో ఇంగ్లండు ప్రభుత్వమువారు సర్ జాన్ ఫ్రాంక్లిన్‌ను రెండు పెద్ద యోడలతో పంపిరి. ఆ మంచులో చిక్కిన 129 మందిలో ఒక్కడును ఇల్లు చేరలేదు. ఆ యోడలు సముద్రగర్భమున 2014, 2016 సంవత్సరములలో గాని కనబడలేదు.

పెద్ద యోడలకు లొంగని యా దారిని ఒక చేపలపడవ దాటెను. దాని పేరు యోవా. పొడవు సుమారు 70 అడుగులు, పరిమాణము 47 టన్నులు. తెరచాపలకు తోడు 13 అశ్వశక్తుల చిన్న యంత్ర మొకటి. నార్వే దేశీయుడగు రోఆల్డ్ అమండ్సెన్ ఆరుగురు తోడివారితో 1903 జూన్ 16వ తేది రాత్రి, వానలో, అప్పులవాండ్ర కంటబడకుండ, నేడు ఓస్లో యని పిలువబడు పట్టణపు రేవును విడిచెను. చిన్న పడవ నేల కోరుకొనెను? ఆ సందులలో నీరు లోతు తక్కువ. అంతియ గాక, వేటాడి ఏడుగురి కడుపులు నింపవచ్చును గాని, నూటికి మించిన జనమునకు ఆ మంచునేలపై ఆహారము దొరకదు.

ఆపదలు లేకపోలేదు. ఆగస్టు కడపట యంత్రపు గదిలో, నూనెతొట్ల ప్రక్కనే, మంట లేచెను. దాని నార్పిన తరువాత పడవ నీటిలోని రాతిగుట్టపై నెక్కి చిక్కుకొనెను. పెనుగాలి వీచెను. వారు కుక్కల మేతపెట్టెలను సముద్రమున బారవైచి, తెరచాప లెత్తి, ఆ గాలి బలముననే గుట్టను దాటించిరి. ఆ కుదుపులకు చుక్కాని కొక్కెములనుండి పైకి లేచి, మరల వానిలోనే పడెను. పడకున్న ఈ కథ యచ్చటనే ముగిసియుండెడిది.

తరువాత వారు కింగ్ విలియం ద్వీపమున ఒక చిన్న రేవున ఆగి, దాదాపు రెండేండ్లు అయస్కాంతధ్రువమును పరిశీలించిరి. ఫ్రాంక్లిన్ మనుష్యులు పెక్కుమంది ఆకటను, చలిని, జబ్బున బడి మరణించినది ఆ ద్వీపముననే. వారికి ఉన్నిబట్టలు గలవు. ఉన్ని చెమటను పీల్చుకొనును. ఆ చెమట గడ్డకట్టును.

ఆ ప్రాంతమున నెట్సిలిక్ అను ఇన్యూట్ జాతివారు తరతరములుగా పిల్లాపాపలతో కాపురము చేయుచుండిరి. అమండ్సెన్ వారిని చూచి నేర్చుకొనెను. వారి స్త్రీలు కారిబూ యను దుప్పితోళ్లతో రెండు వరుసల దుస్తులు కుట్టుదురు. లోపలి యంగీ వెండ్రుకలు ఒంటివైపునకు, పైయంగీ వెండ్రుకలు వెలుపలికి ఉండును. అవి బిగుతుగా నుండవు. నడుమ నిలిచిన గాలియే వేడిని కాపాడును. దుప్పి స్నాయువులను ఎండబెట్టి చీల్చినదే దారము. తడిసినప్పుడు ఆ దారము ఉబ్బి సూది చేసిన రంధ్రమును మూయును. నీరు చొరరాని పాదరక్షలకు సూదిని తోలు ఆవలికి పోనీయక, సగము మందమున మాత్రమే పోనిచ్చి కుట్టుదురు. అచ్చట ఒక్క కుట్టు వీడిన వేటకు బోయిన భర్త కాలివ్రేళ్లతో గాని, ప్రాణముతో గాని తిరిగి రాకపోవచ్చును.

ఆ కాలమున అయస్కాంతధ్రువము చేరువ నుండెను గనుక ఆ సముద్రమున దిక్సూచి దారి చూపలేదు. పేరుగొన్న ఆ సూది పనికిరాని చోట, ఈ స్త్రీల సూది ఆదుకొనెను.

1905 ఆగస్టు 13న యోవా మరల కదలెను. అడుగడుగున లోతు కొలుచుకొనుచు సాగిరి. ఆ దినములలో అమండ్సెన్‌కు తిండి సయించలేదు, నిద్ర పట్టలేదు. ఆగస్టు 26న పడమటినుండి వచ్చిన తిమింగిలముల వేటయోడ యొకటి కనబడినప్పుడు, దారి దొరకిన దని తెలిసెను. అయినను మంచు వారిని మరియొక శీతకాలము నిలిపివైచెను. ఆ కాలమున ఒకడు జబ్బుపడి మరణించెను. తక్కినవారు 1906 ఆగస్టు 31న అలాస్కాలోని నోమ్ పట్టణమును చేరిరి. 1911లో దక్షిణధ్రువమును మొదట చేరినప్పుడును అమండ్సెన్‌కు ఈ జాతివారియొద్ద నేర్చిన విద్యయే తోడయ్యెను.

యోవా నేడు ఓస్లో నగరపు ప్రదర్శనశాలలో భద్రముగా నున్నది. నావికుని పేరు లోకమెల్ల నెరుగును. తోళ్లు నానబెట్టి, గీకి, మెత్తపరచి, దీపపు వెలుగున కుట్టిన యా గృహిణుల పేరులు మాత్రము చరిత్రగ్రంథములలో వెదకవలసియున్నది. కుట్టుపని తీరికవేళ వేడుక యని, దానిలో శాస్త్ర మేమున్నదని యెవరైన మీతో ననినచో, చిన్న పడవ దాటిన యీ పెద్ద దారి కథను వారికి వినిపింపుడు.