ఇంటి మనిషికి లెక్క యేల?

సౌకార్‌పేటలో తరతరములుగా వర్తకము సాగించుచున్న మన తెలుగు కుటుంబములలో ఒక మాట తరచుగా వినవచ్చును: "మా గుమాస్తా పరాయివాడు కాడు, మా ఇంటి మనిషి." మాట మంచిదే. పలుకువారిలో పెక్కురు మనస్ఫూర్తిగానే పలుకుచున్నారనియు మేము ఎరుగుదుము. గుమాస్తా కూతురు పెండ్లికి సాయపడినవారు, వాడు జబ్బుపడినప్పుడు వైద్యమునకు సొమ్ము ఇచ్చినవారు మనలో లేకపోలేదు. అయినను ఈ మాటకు మేము అభ్యంతరము చెప్పక తప్పదు. ఏలయన, నేడది ప్రేమను తెలుపుటకంటె లెక్కను తప్పించుకొనుటకే ఎక్కువగా ఉపయోగపడుచున్నది.

ఇంటి మనిషి గనుక వానికి నియామక పత్రము అక్కరలేదు. ఇంటి మనిషి గనుక రాత్రి ఎంత ప్రొద్దుపోయినను బండి వచ్చువరకు ఆగి సరకు దించవలెను. ఇంటి మనిషి గనుక సెలవు అడుగరాదు; అడిగినచో కృతఘ్నుడు. కాని లాభము పంచుకొనునాడు మాత్రము వాడు ఇంటి మనిషి కాడు. కొట్టు మూతపడునాడు అసలే కాడు. పనిలో బంధువు, హక్కులో పరాయి! ఇట్టి చుట్టరికము లోకమున మరెక్కడనైనను కలదా?

మన వృత్తికి లెక్కయే ప్రాణము. చిట్టాలో వ్రాసినది ఆవర్జాకు ఎక్కవలెను. గల్లాపెట్టెలోని నిలువ పద్దుతో సరిపోవలెను. పది రూపాయలు తేడా వచ్చినచో అది తేలువరకు ఇంటికి పోము. దీపావళినాడు మన గుజరాతీ పొరుగువారు లెక్కల పుస్తకములను దేవుని ముందుంచి పూజించుట చూచుచునే యున్నాము. రూపాయిపై ఇంత భక్తిగల ఈ పేటలో, గుమాస్తా ఉదయమున ఎప్పుడు వచ్చెను, రాత్రి ఎప్పుడు పోయెను, మధ్యాహ్నము అన్నము తినుటకు ఎంతసేపు చిక్కెను అని నమ్మకముగా వ్రాసియుంచు పుస్తకము ఎన్ని అంగళ్ళలో కలదు? సొమ్ములో లెక్క తప్పినవానిని దొంగ యందుము. కాలములో లెక్క తప్పినవానికి ఏమి పేరు పెట్టుదము?

ఇది మేము కల్పించిన ధర్మము కాదు. 1947లో వెలసిన మద్రాసు దుకాణముల, సంస్థల చట్టము పనికి రోజునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అని హద్దు పెట్టినది. నాలుగు గంటల పని పిమ్మట ఒక గంట విశ్రాంతి, వారమునకు ఒక సెలవు దినము, ఏడాది పని చేసినవానికి జీతముతో 12 దినముల సెలవు, అదనపు పనికి రెట్టింపు కూలి నిర్ణయించినది. ఆరు నెలలు పని చేసినవానిని తగిన కారణము లేక తీసివేయరాదనియు చెప్పినది. స్వాతంత్ర్యముతో సమవయస్కమైన ఈ చట్టము మన అంగళ్ళ గడప దాటుటకు ఇంకను సంకోచించుచున్నది.

2021లో తమిళనాడు శాసనసభ ఈ చట్టమును సవరించి, పనివారు సందు చిక్కినప్పుడు కూర్చుండుటకు ప్రతి దుకాణమునందును తగిన ఆసనములు ఉండవలెనని శాసించినది. దుకాణములలో పనిచేయు స్త్రీలు పోరాడిన ఫలితముగా కేరళలో 2018లోనే ఇట్టి సవరణ వచ్చినది. మనిషి కూర్చుండుటకు సైతము శాసనము కావలసివచ్చినందుకు వర్తకలోకము సిగ్గుపడవలదా? యజమానికి గద్దె కలదు, ఆనుకొనుటకు దిండు కలదు. కూర్చుని తిన్న కొండలైనను కరగునను సామెతను మాత్రము నిలుచున్నవానికే వినిపించుదుము!

అయితే పీట వేసినంతమాత్రమున అంగడి బాగుపడదు. అంతకంటె లోతైన దోషము మన మాటతీరులో కలదు. బేరగాండ్ర యెదుట గుమాస్తాను కసరుట యజమానికి అధికార చిహ్నమైనది. దీని ఫలితమేమి? తడిసిన బస్తాను వాడు వెనుకకు నెట్టి ఊరకుండును. ధర తప్పు చెప్పినచో దాచును. బయటి ఊరి ఖాతాదారు బాకీ తీర్చు వాలకము లేదని పసిగట్టియు, "చెప్పి తిట్లు తినుట యేల?" అని నోరు మెదపడు. అంగడిలో జరుగునది అందరికంటె ముందు గుమాస్తాకు తెలియును. భయము ఏలుచోట అందరికంటె చివర యజమానికి తెలియును. పనివాని నోరు మూయించిన యజమాని తన చెవులనే మూసికొన్నవాడు. తప్పును తానై వచ్చి చెప్పినవానిని ముందు మెచ్చుకొని, పిమ్మట ఇద్దరును కలిసి దానిని చక్కదిద్దుకొను చోట నష్టము మొదటి దినముననే ఆగును.

దీనికి కొన్ని ప్రత్యుత్తరములు కలవు. "లాభము సన్నగిల్లినది, జనులు సెల్‌ఫోనులోనే సరకు తెప్పించుకొనుచున్నారు, కొత్వాల్‌చావడి కూరగాయల అంగళ్ళే 1996లో కోయంబేడునకు తరలిపోయినవి, రేపు మా గతి యేమో" అందురు. సరకు ఎక్కడనైనను దొరకు ఈ కాలమున బేరగాడు మన మెట్లెక్కుటకు కారణమేమి? సరకు మంచిచెడ్డలు తెలిసి నమ్మకముగా చెప్పు మనిషి అక్కడ ఉండుటయే. ఆ మనిషియే మన మూలధనము. "మేమును తెల్లవారినది మొదలు అంగడిలోనే యున్నాము గదా" అందురు. నిజమే, కాని మీ శ్రమ మీ ఆస్తిగా నిలుచును, వాని శ్రమ నిలువదు. "మా పెద్దలు తిట్లు తినియే వర్తకము నేర్చిరి" అందురు. వారికి విద్య వచ్చినది తిట్లవలన కాదు, ప్రక్కన కూర్చుండబెట్టుకొని పద్దు వ్రాయించిన గురువులవలన.

వర్తకులు పనివాని మొర వినుట ఈ నగరమునకు క్రొత్త కాదు. పెరంబూరులోని బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లుల కార్మికులకు మధ్యాహ్నపు విరామము అన్నము తినుటకైనను చాలని దినములలో, వారి బాధను ముందుగా పట్టించుకొన్నవారు చెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు అను ఇద్దరు వర్తకులు. వారు బి. పి. వాడియాను ఆశ్రయించగా, 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబరు యూనియను వెలసినది. మిల్లు దొరలు వినని మాటను అంగడివారు వినగలిగిరి. నేడు మన అంగడిలోని మాటను మనమే వినకుండుట ఎంత విపరీతము!

ఈ విషయము మన భాషకును సంబంధించినది. పరభాషాప్రాంతమున తెలుగును నిలుపుటకు సభలు జరుపుచున్నాము, సంచికలు వేయుచున్నాము. కాని తమిళ సోదరుడును, ఉత్తరాది నుండి పొట్టచేతబట్టుకొని వచ్చిన కుర్రవాడును మన తెలుగు వినునది సభలలో కాదు, అంగళ్ళలో. వారు ముందుగా నేర్చుకొను తెలుగు మాటలు తిట్లైనచో మన భాషకు మనమే తెచ్చిన గౌరవమది. మన పిల్లలును ఆ మాటలను వినుచునే పెరుగుచున్నారు. చదువుకొని పరుల కార్యాలయములలో చేరుచున్నారే గాని కొట్టు చూడరని విచారించు తండ్రులు ఒక్కమారు యోచింపవలెను: ఎవ్వరును నోరు విప్పరాని చోటును వారసత్వముగా ఏ బిడ్డ కోరును?

మేము అడుగునది అధికము కాదు. వచ్చుపోవు వేళలకు ఒక పుస్తకము పెట్టి, అందు గుమాస్తా చేతనే వ్రాయింపుడు. అదనపు గంటకు అదనపు కూలి ఇండు. పండుగ బట్టలు దానికి బదులు కావు. కూర్చుండుటకు ఆసనము వేయుడు. మందలింపవలసినచో చాటున మందలింపుడు, మెచ్చుకొనవలసినచో పదిమందిలో మెచ్చుకొనుడు. వారమునకు ఒక పూట కొట్టు కట్టుటకు ముందు పనివారందరిని కూర్చుండబెట్టి, వారు చెప్పునది అడ్డుపడక వినుడు. అప్పుడు వానిని ఇంటి మనిషి యని పిలిచినను మాకు అభ్యంతరము లేదు. ఇంటి మనిషికి లెక్క యేల యని అప్పటికిని అడుగువారు ఉన్నచో, తోబుట్టువులు సైతము లెక్క సరిగా లేకనే విడిపోవుచున్నారని వారికి గుర్తుచేయుచున్నాము.