పూలకి ట్యాంకరు ఎందుకు?

ఏప్రిల్‌లో మా హాస్టల్‌కి ట్యాంకరు వస్తే మేం బకెట్లతో లైన్లో నిలబడతాం. పక్కనే తోటమాలి అన్న అవే నీళ్లు పైపుతో బంతి మొక్కలకి, క్రోటన్లకి పెడుతుంటాడు. ఆయన తప్పేం లేదు, మొక్కలెండితే తిట్లు తినేది ఆయనే. అదే టైమ్‌లో మా స్నానాల నీళ్లు, బట్టలుతికిన నీళ్లు కాలవలో పడి పోతుంటాయి.

తగరపువలసలో కాలవలకి పల్లం అంటే గోస్తనీయే కదా. తాటిపూడి రిజర్వాయరు దగ్గర ఆపి విశాఖకి తాగునీరుగా పంపేదీ ఆ నదినే. పైన తాగుతున్నాం, కింద భీమిలిలో సముద్రం చేరేలోపు మురుగు కలుపుతున్నాం.

పట్టణాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లని లెక్క. అందులో 45 ఫ్లష్‌కే. మిగతా 90లో సగమే చేతికొచ్చిందనుకున్నా, 400 మందికి 18,000 లీటర్లు. ఆరువేల లీటర్ల ట్యాంకర్లు మూడు, రోజూ! మా సీఎస్‌ఈ వాళ్లు దీన్ని మెమరీ లీక్ అంటారు. తీసుకున్నాం, తిరిగివ్వలేదు.

అమ్మమ్మకి ఈ లెక్కలేం తెలీవు. స్నానాల గది తూము దగ్గర అరటి, మెట్ట తామర వేసింది, అంతే. తర్వాత చదివితే తెలిసింది, పటాన్‌చెరులో ఇక్రిశాట్ వాళ్లు మురుగు శుద్ధికి కంకర మడుల్లో వాడిన మొక్కల్లో మెట్ట తామర కూడా ఉందని! నీళ్లలోని నత్రజని, భాస్వరం దానికి ఎరువు. వేళ్ల చుట్టూ ఉండే సూక్ష్మజీవులు మురికిని తింటాయి. పైన పువ్వు పూస్తుంది. అంటే ఫిల్టరే పూలమడి.

"మురుగునీటి పూలు దేవుడికి పెడతావా?" అని రూమ్మేట్ అడిగాడు. పెట్టమనట్లేదు. జడలోకి, పూజకి వెళ్లే పూలు వద్దు, కూరగాయలు అసలే వద్దు. గేటు పక్క మడులు చాలు. మరుగుదొడ్డి లైను ఇందులో కలవకూడదు. పాత బిల్డింగుల్లో రెండూ ఒకే పైపులో పోతుంటే విడదీయడానికి ఖర్చవుతుంది, అది నిజమే. నీళ్లు ఒక రోజు మించి నిలవుంచితే కంపు కొడతాయి. పైనుంచి చల్లకుండా మొదట్లోకే వదలాలి, లేకపోతే ఆ తుంపర తోటమాలి అన్న మీదే పడుతుంది. డిటర్జెంట్‌లోని సోడియం నేలని గట్టిపరుస్తుంది కాబట్టి అప్పుడప్పుడు మంచినీళ్లూ పెట్టాలి.

ముందు ఒక్క బ్లాకు వాష్ ఏరియాతో మొదలెడదాం. జుట్టు, నూలు ఆపడానికి వల, ఒక తొట్టె, ఒక కంకర మడి. సెలవులకి వెళ్లినప్పుడు దుంపలు నేను తెస్తాను. అమ్మమ్మ దొడ్లో ఎరుపూ ఉంది, పసుపూ ఉంది.