ఇంటి సర్వరునకు చలువ

పిల్లల ఛాయాచిత్రములు, పెండ్లి వీడియోలు, పెద్దల కంఠస్వరములు ఒకచోట దాచి ఇంటిల్లిపాదికిని చూపు చిన్న సర్వరు నేడు కొన్ని గృహములలో కలదు. దానికి వేడియు ధూళియు శత్రువులు. గత వేసవిని మేము దానిని తలుపు మూసిన బీరువాలో నుంచితిమి. వేడిగాలి వెలికి పోవు దారి లేక డిస్కు చెడెను. మా అత్తగారి కంఠము మరల వినబడలేదు. మీకట్టి దుఃఖము కలుగకుండుటకే ఈ నాలుగు మాటలు.

రాస్ప్‌బెర్రీ పై 4 వంటి యంత్రము 80 డిగ్రీల సెల్సియస్ వేడి చేరగానే తన వేగమును తానే తగ్గించుకొనును. చిత్రము ఆగి ఆగి నడచుట అందుకు గుర్తు కావచ్చును. పెక్కు డిస్కులకు తయారీదారులు విధించిన హద్దు 60 డిగ్రీలే. గదిలోనే 42 డిగ్రీలున్నచో, మూసిన పెట్టెలో ఆ హద్దు దూరము కాదు.

కావున సర్వరును గోడకు జానెడు ఎడముగా, తెరచిన అలమారలో నుంచవలెను. నెలకొకమారు సక్రమముగా ఆపి, ప్లగ్గు తీసి, ఫ్యాను రెక్కలు తిరుగకుండ వ్రేలితో పట్టుకొని, మెత్తని కుంచెతో దుమ్ము దులుపవలెను. తడిగుడ్డ తగిలింపరాదు.

ఎంత చలువ చేసినను డిస్కు ఏనాటికైన చెడునదే. అపురూపమైన వానికి రెండవ ప్రతిని వేరొక డిస్కున వ్రాసి వేరొకచోట దాచుకొనుడు. ఆవకాయను రెండు జాడీలలో పెట్టు ఇల్లాలికి ఇది వేరుగ చెప్పవలెనా?