మన ఊళ్లను మనం చూశామా?



పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు పెద్దలు. విహారయాత్ర అనగానే హాస్టల్ పిల్లలందరూ ఒక్క గొంతుతో మైసూరు, బెంగళూరు అంటారు. ఆ ఊళ్లు చూడవద్దని నేననను. కానీ మైసూరు ప్యాలెస్ గురించి గంటసేపు చెప్పగలిగినవాడు మదనపల్లెలో ఏముందని అడిగితే "టమోటా మార్కెట్" అని ఊరుకుంటాడు. ఇంటర్వ్యూలో "మీ ఊరి విశేషమేమిటి?" అన్న తొలి ప్రశ్నకే మనవాళ్లు తడబడుతున్నారు. "మాది వెనుకబడిన ప్రాంతం సార్" అని తల దించుకుంటున్నారు. ఆ తల ఎత్తాలంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఊళ్లను మనం యాత్రికుల్లా తిరిగి చూడాలని నా అభిప్రాయం.

రోజూ మనం పాడే జనగణమనకూ మదనపల్లెకూ బంధముంది. 1911లో కలకత్తా కాంగ్రెసు సభలో తొలిసారి పాడిన ఆ గీతాన్ని రవీంద్రనాథ్ ఠాగూర్ 1919 ఫిబ్రవరిలో ఇక్కడి బి.టి. కాలేజీలో బస చేసినప్పుడు ఇంగ్లీషులోకి అనువదించారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య, సంగీతం తెలిసిన మార్గరెట్ కజిన్స్ ఆ బాణీకి స్వరాలు రాసిపెట్టారు. అనీబిసెంట్ 1915లో స్థాపించిన కాలేజీ అది. జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది కూడా ఈ ఊళ్లోనే.

1915లోనే ఊరి పక్కన ఆరోగ్యవరంలో క్షయ రోగుల శానిటోరియం మొదలైంది. క్షయకు సరైన మందు లేని కాలమది. సొంతవాళ్లే దూరంగా పెట్టిన రోగులకు మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి ఇచ్చి చూసుకున్న చోటు. దూరంగా పెట్టడమంటే ఏమిటో మన పెద్దలకు ఎవరూ చెప్పనక్కరలేదు. కనుక ఆరోగ్యవరం మనం తప్పక చూడాలి.

టమోటా మార్కెట్టునూ చిన్నచూపు చూడవద్దు. దేశంలోని పెద్ద టమోటా మార్కెట్లలో అదొకటి. ఒక సీజన్లో రైతు నవ్వుతాడు, మరో సీజన్లో ధర లేక రోడ్డు పక్కన పారబోస్తాడు. గిరాకీ, సరఫరా అనే పాఠం అక్కడ అరగంట నిలబడితే అర్థమవుతుంది. అక్కడ బరువులెత్తే కూలీల పిల్లలు మన హాస్టళ్లలో ఉన్నారు.

పుంగనూరు అనగానే పొట్టి ఆవు గుర్తొస్తుంది. ఎత్తు సుమారు మూడడుగులే, పాలలో వెన్న మాత్రం ఎక్కువ. అంతరించే దశకు వచ్చిన ఆ జాతిని పలమనేరు పశు పరిశోధన స్థానంలో కాపాడుతున్నారు. ఇక జమీందార్ల ప్యాలెస్, వారి ఇలవేల్పు సుగుటూరు గంగమ్మ జాతర ఉండనే ఉన్నాయి.

"కోటలూ ప్యాలెస్‌లూ దొరలవి, అందులో మనదేముంది?" అని కొందరు మిత్రులు అంటారు. న్యాయమైన ప్రశ్నే. ప్యాలెస్ కట్టించినవారి పేరు అందరికీ తెలుసు, రాళ్లు మోసినవారి పేరు ఎవరికీ తెలియదు. మన జాతరల్లో పలక మోగందే అమ్మవారు కదలదు, కానీ పలక కొట్టిన చేతుల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. అందుకే మనం వెళ్లాలి. ఆ పేర్లు అడిగి రాసుకోవలసింది మనమే.

కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. బజారులో తెలుగు, తమిళం, కన్నడం ఒకే బేరంలో వినబడతాయి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం అక్కడ ఏర్పడటం ఎంతో సబబు. జానపద, గిరిజన అధ్యయనాల శాఖ కూడా అందులో ఉంది. సరిహద్దు దాటితే కోలారు బంగారు గనులు. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల నుంచి వెళ్లిన దళిత కూలీలు భూమి లోతుల్లోకి దిగి బంగారం తీశారు. 2001లో గనులు మూతపడ్డాయి. తాతలు అక్కడ పనిచేసిన ఇళ్లు మన మధ్యే ఉండవచ్చు. అడిగి చూడండి.

తిండి సంగతికొస్తే, రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి, నాటుకోడి పులుసు కోసం పట్నంవాళ్లు ఇప్పుడు హోటళ్లలో డబ్బులిచ్చి తింటున్నారు. ఒకప్పుడు "సంగటి తినేవాళ్లు" అని మనల్ని ఎగతాళి చేసినవాళ్లూ అందులో ఉన్నారు!

నా సూచన ఒక్కటే. ఏడాదిలో మూడు ఆదివారాలు కేటాయించి, ఆదివారానికి ఒక ఊరు చూడాలి. బస్సు చార్జీలు, మధ్యాహ్నం పొట్లం తప్ప పెద్ద ఖర్చుండదు. వార్డెన్ గారు ముందుగా ఉత్తరం రాసి ఆయా సంస్థల అనుమతి కోరాలి. పూర్వ విద్యార్థులం తలా కొంత వేసుకుందాం. వెళ్లొచ్చినవారు ఒక్కో పేజీ రాసి హాస్టల్ లైబ్రరీలో పెట్టాలి. వచ్చే సంచికలో ఆ పేజీలు అచ్చయితే, మన ఊరి చరిత్రలో మనవాళ్ల పేర్లు మన చేతిరాతతోనే చేరతాయి.

— ఒక పూర్వ విద్యార్థి